కోనీ ఐలాండ్ పేరులో ఉన్నది కుందేలే

న్యూయార్క్ బ్రూక్లిన్‌లో సముద్రపు ఒడ్డున, 1920 నాటి వండర్ వీల్, 1927 నాటి సైక్లోన్ రోలర్ కోస్టర్ ఇప్పటికీ తిరుగుతున్న చోటు కోనీ ఐలాండ్. దాని పేరు గురించి ఒక కథ విపరీతంగా షేర్ అవుతోంది. 1700ల చివర్లో పీటర్ ఓ'కానర్ అనే ఐరిష్ కెప్టెన్ అరెతూసా అనే ఓడలో వచ్చాడట. అక్కడి కుందేళ్లను చూడగానే ఐర్లండ్‌లో తన స్లైగో దగ్గరి కోనీ ఐలాండ్ గుర్తొచ్చి అదే పేరు పెట్టాడట.

తారీఖుల దగ్గరే ఈ కథ పడిపోతుంది. 1639 నాటి మనాటస్ పటంలో ఈ దీవి మీద డచ్చి భాషలో ‘కోనైనె ఐలాంట్’ అని రాసి ఉంది. మనకు దక్కినవి ఆ పటం నకళ్లే అయినా, అవీ 17వ శతాబ్దివే. కెప్టెన్ రావడానికి వందేళ్ల ముందే ఉన్న పేరును కెప్టెన్ ఎలా పెడతాడు?

‘కోనైన్’ అంటే డచ్చిలో కుందేలు. అప్పట్లో ఈ ప్రాంతాన్ని ఏలిన డచ్చివాళ్లు చుట్టుపక్కల దీవులకు కూడా కనిపించినదాన్ని బట్టే పేర్లు పెట్టారు. ఇప్పటి గవర్నర్స్ ఐలాండ్ అప్పట్లో ‘నోటెన్ ఐలాంట్’, అంటే గింజల దీవి. స్వేచ్ఛా విగ్రహం నిలబడ్డ దీవి, పక్కనున్న ఎల్లిస్ ఐలాండ్ ఆల్చిప్పల దీవులు. కుందేళ్ల దీవి ఈ వరుసలో చక్కగా ఇమిడిపోతుంది. 1664లో ఇంగ్లీషువాళ్లు ఊరిని పట్టుకున్నాక, అదే అర్థం ఉన్న తమ మాట ‘కోనీ’ని వాడుకున్నారు.

రెండో వాదన ప్రకారం ఈ పేరు అన్వేషకుడు హెన్రీ హడ్సన్ ఓడలోని నావికుడు జాన్ కోల్మన్ మీద వచ్చింది. 1609 సెప్టెంబరు 6న గొంతులో బాణం దిగి అతను చనిపోయిన మాట నిజం. కానీ ఓడ దినచర్య పుస్తకంలో అతన్ని పాతిపెట్టిన చోటుకు పెట్టిన పేరు ‘కోల్మన్స్ పాయింట్’. అది దీవి పేరు కాదు, ఆ చోటు ఇదేనని తేలనూ లేదు. పైగా ‘కోల్మన్’ కాస్తా ‘కోనైనె’ కావాలంటే నడుమ ఉన్న ల, మ రెండూ పోవాలి.

‘కోనో’ అనే తెగ పేరు మీద వచ్చిందనే వాదనకైతే ఆధారమే లేదు. స్థానిక లెనాపే తెగవాళ్లు ఈ దీవిని అమ్మినప్పటి 1654 దస్తావేజులో దాని పేరు ‘నారియోక్’ అని ఉంది.

ఇన్ని కథలు పుట్టడానికి కారణం ‘కోనీ’ అనే మాట ఇంగ్లీషు వాడుకలోంచి పోవడమే. ఒకప్పుడు ఎదిగిన కుందేలు కోనీ, దాని పిల్ల మాత్రమే ర్యాబిట్. తర్వాత ర్యాబిట్ రెంటికీ పేరైంది, కోనీ మరుగునపడింది. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో లేవీయకాండం 11వ అధ్యాయం తీస్తే కోనీ కనిపిస్తుంది. తెలుగు బైబిల్లో అదే చోట ‘పొట్టి కుందేలు’ అని చదువుతాం. అర్థం మరిచిపోయిన పేరుకు జనం కథ కట్టేస్తారు. అర్జునుడు బెజ్జం కొట్టాడు కాబట్టి బెజవాడ అని మనవాళ్లు చెప్పుకోవడం లేదూ!

ఇక ‘అది దీవే కాదు, పేరే తప్పు’ అనేవాళ్లకు ఒక్క మాట. అది ఒకప్పుడు దీవే. బ్రూక్లిన్‌కూ దానికీ నడుమ పారిన కోనీ ఐలాండ్ క్రీక్‌ను 20వ శతాబ్దం మొదటి సగంలో మధ్యలో మట్టి పోసి పూడ్చారు. పడమటి ముక్క ఇప్పటికీ ఉప్పునీటితో అలాగే ఉంది.