చట్టం తన పని తాను చేసుకుపోతోంది

మన దేశంలో చట్టాలు అమలు కావడం లేదని టీవీ చర్చల్లో కూర్చుని బాధపడే పెద్దలను ఒకసారి మా ఇంటికి భోజనానికి పిలవాలని ఉంది. పధ్నాలుగేళ్లుగా మేం ఒక పిల్లాణ్ని పెంచుతున్నాం. ఈ పధ్నాలుగేళ్లలో మేం మీరిన చట్టం ఒక్కటంటే ఒక్కటి లేదు. మేమే కాదు, మావాడి స్కూలు, మా చుట్టాలు, మా వీధి వీధంతా చట్టానికి కట్టుబడే బతుకుతున్నాం. అయినా గుంటూరుకు ఇంతవరకూ ఎవరూ అవార్డు ప్రకటించలేదు. పోనీలెండి.

మొదట్నుంచీ చెబుతాను. 2011లో మా ఆవిడకు ఐదో నెల. స్కానింగ్ సెంటర్ గోడ మీద పెద్ద బోర్డు, ఇక్కడ లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు అని. 1994 నాటి చట్టం. డాక్టరమ్మ నోరు విప్పలేదు, మేమూ అడగలేదు. బయటికొచ్చి ఆటో ఎక్కామో లేదో మా మేనత్త తేల్చేసింది. నడిచేటప్పుడు కుడికాలు ముందు పడుతోందట, అబ్బాయేనట. ఎదురింటి పిన్నిగారు పొట్ట గుండ్రంగా ఉంది కాబట్టి అమ్మాయే అన్నారు. తొమ్మిదో నెలకు లెక్క చూస్తే పదకొండు మంది అబ్బాయి వైపు, తొమ్మిది మంది అమ్మాయి వైపు ఉన్నారు. వరంగల్ నుంచి ఫోన్ చేసిన ఒకావిడ మాత్రం మా ఆవిడ గొంతు విని కవలలంది. చట్టం మెషిన్లను కట్టడి చేసింది గానీ మేనత్తలను కట్టడి చేసే సెక్షన్ అందులో లేదు. సవరణ తెస్తామంటే మొదటి సంతకం మా ఆవిడ పెడుతుంది.

బిడ్డ పుట్టిన 21 రోజుల్లోగా నమోదు చేయించాలన్నది ఇంకో చట్టం. మనవాళ్లు బారసాల చేసేదీ ఇరవై ఒకటో రోజునే. ఆ చట్టం రాసినవాళ్లలో ఒక తెలుగాయన ఉండి ఉంటాడని నా అనుమానం. నమోదు వేళకే అయింది, పేరు గడి ఒక్కటే ఖాళీ. మా నాన్న ఒక పేరన్నాడు, మామగారు ఒక పేరన్నారు, సంఖ్యాశాస్త్రం చూసే ఆయన ఏ పేరైనా ఇంగ్లీషులో ఇంకో 'ఎ' తగిలించమన్నాడు. చివరికి బియ్యంలో రాసింది ఒకటి, మున్సిపాలిటీలో రాయించింది ఒకటి, ఇంట్లో పిలిచేది చిట్టి.

2017లో ఒకటో తరగతికి స్కూలు మార్చాం. విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం చేర్చుకునేటప్పుడు పిల్లల్ని గానీ తల్లిదండ్రుల్ని గానీ పరీక్షించకూడదు. పరీక్షిస్తే మొదటిసారికి 25 వేల దాకా జరిమానా. మేం వెళ్లిన స్కూలు దీన్ని తు.చ. తప్పకుండా పాటించింది. మమ్మల్ని ఇంటర్వ్యూకి పిలవనే లేదు. ఇంటరాక్షన్‌కి పిలిచింది. ప్రిన్సిపాల్ మేడమ్ ఫైల్లోంచి తలెత్తి, ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడిగారు. టేబుల్ కింద మా ఆవిడ నా కాలు తొక్కింది. "ఇంగ్లీషేనండీ" అన్నాను, తెలుగులో. డొనేషన్ కూడా అదే సెక్షన్ కింద నేరం. అందుకే మేం కట్టింది డొనేషన్ కాదు. రసీదు మీద బిల్డింగ్ ఫండ్ అని స్పష్టంగా ఉంది.

ఇక 2018 నవంబరు. ఒకటీ రెండు తరగతులకు హోంవర్క్ ఇవ్వకూడదని, వాళ్ల బ్యాగు బరువు ఒకటిన్నర కిలో దాటకూడదని కేంద్రం రాష్ట్రాలకు ఆదేశాలు పంపింది. మావాడు అప్పుడు రెండో తరగతి. ఆ మర్నాటి నుంచీ వాడికి హోంవర్క్ లేదు. అంతా నాకే ఇచ్చారు.

ఒకరోజు రాత్రి తొమ్మిదింటికి, నిద్రలోకి జారుకుంటూ, "డాడీ, రేపు సోలార్ సిస్టమ్ తీసుకెళ్లాలి" అన్నాడు. కందిపప్పు తీసుకెళ్లాలన్నంత తేలిగ్గా. బ్రాడీపేటలో స్టేషనరీ షాపుకి పరిగెత్తాను. షాపతను షటర్ సగం దించి ఉన్నాడు. నన్ను చూడగానే, "సెకండ్ క్లాసా సార్? థర్మకోల్ బంతుల్లో పెద్దవి అయిపోయాయి. పొద్దుటి నుంచి ఇరవై మంది వచ్చారు" అన్నాడు. షటర్ ముందు నాలాంటి తండ్రులు ఇంకో ముగ్గురు నిలబడి ఉన్నారు. ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

గురుగ్రహం స్థానంలో ఇంట్లో ఉన్న బత్తాయికి రంగు వేశాం. శనికి మా ఆవిడ పాత గాజు వలయమైంది. గ్రహాలు తొమ్మిదని ఆవిడ, ఎనిమిదని నేను. ప్లూటోను 2006లోనే తీసేశారంటే ఆవిడ ఒప్పుకోలేదు, తను చదివినప్పుడు ఉంది కాబట్టి ఉండాల్సిందేనంది. మిరియం గింజ ఒకటి అతికించాం. రాత్రి ఒంటిగంటకు విశ్వం సిద్ధమైంది. సృష్టికర్త వేళ్లకు ఫెవికాల్, విద్యార్థి నోట్లో బొటనవేలు.

బి ప్లస్ వచ్చింది. నీట్‌నెస్ ఇంప్రూవ్ చేసుకోవాలని టీచర్ ఎర్ర ఇంకుతో రాశారు. ఆఫీసులో అప్రైజల్ పోయినప్పుడు కూడా నేను అంత కుంగిపోలేదు. మావాడు నా భుజం మీద చెయ్యి వేసి, "పోన్లే డాడీ, నెక్స్ట్ టైమ్ బాగా చేద్దువుగాని. కార్తీక్ వాళ్ల డాడీది తిరుగుతుంది, మోటార్ పెట్టాడు" అన్నాడు.

బ్యాగు సంగతీ తేల్చుకుందామని ఒక ఆదివారం పాత పేపర్లతన్ని ఆపి అతని కాటాకి తగిలించాం. నాలుగు కిలోల రెండొందలు. "ఇచ్చేస్తారా సార్, కిలో పది రూపాయలు" అన్నాడు. ఇద్దామనే అనిపించింది. కానీ చట్టం లెక్కగట్టేది పిల్లల వీపు మీది బరువునే కదా. కాబట్టి ఆ రోజు నుంచి బ్యాగు నేను మోశాను, వాడు వాటర్ బాటిల్ మోశాడు.

2024 జనవరిలో పదహారేళ్లు నిండని పిల్లల్ని కోచింగ్ సెంటర్లలో చేర్చుకోవద్దని కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. ఏడో తరగతి చదివే మావాడికి ఆ మాట వర్తించలేదు, ఎందుకంటే వాడు వెళ్లేది కోచింగ్‌కి కాదు, ఐఐటీ ఫౌండేషన్‌కి. అదీ సెంటర్లో కాదు, వాళ్ల స్కూల్లోనే, పొద్దున్నే ఆరున్నరకు. ఐఐటీ అంటే ఏమిట్రా అని మా నాన్న అడిగితే "సండే ఎగ్జామ్ తాతయ్యా" అన్నాడు.

ఫొటోలు పెట్టుకునే యాప్‌లో పదమూడేళ్లు నిండితేనే ఖాతా ఇస్తారు. ఆ నిబంధన మీద గౌరవంతో మావాడు పదకొండేళ్లకే తన పుట్టిన సంవత్సరం 2001గా సవరించుకున్నాడు. మా పెళ్లయింది 2009లో. ఈ లెక్క మా అత్తగారికి ఎలా చెప్పాలో ఇప్పటికీ తెలియడం లేదు.

బండి మాత్రం ఇవ్వలేదు. మైనర్ బండి నడిపి ఏదైనా జరిగితే తండ్రికి మూడేళ్ల దాకా జైలు, 25 వేలు జరిమానా. జైలంటే భయం కాదు గానీ, నేను లోపలుంటే ఆ మూడేళ్లూ ప్రాజెక్టులు ఎవరు చేస్తారు?

మావాడు ఇప్పుడు తొమ్మిదో తరగతి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని 2017లో తొమ్మిది మంది సుప్రీంకోర్టు జడ్జీలు ముక్తకంఠంతో చెప్పారని ఎక్కడో చదివాడు. మర్నాటికల్లా వాడి గది తలుపు మీద కాగితం వెలిసింది, తలుపు తట్టి అనుమతి తీసుకుని రావలెను అని. నేను తట్టి, రెండు నిమిషాలు ఆగి, వద్దంటే వెనక్కి వస్తున్నాను. మా ఆవిడ ఫోన్లో మెసేజ్ పెట్టి, నీలం టిక్కులు వచ్చాక వెళుతోంది. మా అమ్మకు కళ్లజోడు లేనిదే అక్షరాలు ఆనవు. ఒక చేత్తో పాలగ్లాసు, ఇంకో చేత్తో చీర కొంగు పట్టుకుని, మోచేత్తో తలుపు తోసుకుని, "చిట్టీ, చల్లారిపోతున్నాయిరా" అంటూ రోజూ రాత్రి తొమ్మిదింటికి నేరుగా లోపలికి వెళ్లిపోతోంది.