మూడు ముళ్ల కవరు

మా ఊరి పేరు చెప్పను. చివర ‘వలస’ ఉంటుందంటే చాలు, శ్రీకాకుళం చుట్టుపక్కల సగం ఊళ్లు భుజాలు తడుముకుంటాయి. పదేళ్ల కిందట మాదీ పల్లెటూరే. గెడ్డ (వాగుని మా వైపు అలాగే అంటాం) గట్టు మీద చెత్త మోకాలెత్తు దాటింది కనుక ఇప్పుడు పట్టణమైపోయామని పెద్దలు తేల్చారు.

వెనకటి మా అనాగరికం తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఇంటింటికీ సొంత పెంటకుప్ప! పేడ, బూడిద, కూరల తొక్కలు అందులోకి. వానలకు ముందు అదంతా నాటుబండెక్కి పొలానికి. అన్నదమ్ములు వేరుపడితే పెంట జాగాలోనూ వాటా అడిగేవారు. మూరెడు తేడా వస్తే పెద్దమనుషుల్ని పిలిచేవారు. చెత్త నాదంటే నాదని కొట్టుకున్న జాతి మాది.

ఆ పొలాలిప్పుడు లేఅవుట్లు. కరపత్రంలో 40 అడుగుల రోడ్డు, పార్కు, ఆర్చి, బ్యాంకు లోను అన్నీ ఉన్నాయి. చెత్తకు మాత్రం గజం జాగా లేదు. గజం ధర తెలిసినవాడెవడూ దాన్ని అరటితొక్కకు రాసివ్వడు లెండి. పశువుల్లేవు, పెరడు లేదు. డైపర్లు, పాల ప్యాకెట్లు, ఆదివారం కోడి ఈకలు మాత్రం పుష్కలం. పంచాయతీకి ఉన్నది ఒక రిక్షా, ఇద్దరు కార్మికులు. పాత ఊరి వీధులు తిరిగేసరికే పొద్దెక్కుతుంది. ఊరవతల ‘చెత్త నుంచి సంపద తయారీ కేంద్రం’ కూడా ఉంది. అబద్ధమాడకూడదు, అందులో ఎవరిదో వరిగడ్డి భద్రంగా ఉంది. అదీ సంపదే.

చట్టమంటే మాకు భక్తి మెండు. తడి, పొడి, ఇంట్లోని ప్రమాదకర చెత్త అని మూడుగా విడదీయమన్నాయి 2016 ఘనవ్యర్థాల నిబంధనలు. మూడూ ఒకే కవరులో వేసి, లెక్క తప్పకుండా మూడు ముళ్లు వేస్తున్నాం. ముహూర్తం తెల్లవారుజాము నాలుగున్నర. కుడిచెయ్యి హ్యాండిల్ మీద, ఎడమచేత్తో విసురు. బండి ఆపకూడదు. ఆపితే పారబోసినట్టు, ఆపకపోతే జారిపోయినట్టు.

“ఏటి మావా, గెడ్డలో ఏసేస్తన్నావ్?” అనడిగానొకసారి.

“నానేటేసానల్లుడూ? గట్టు మీదెట్టాను. గెడ్డే అట్టుకెల్పోతంది.”

లాగేది గెడ్డ, మోసేది నాగావళి, మింగేది కళ్లేపల్లి దగ్గర సముద్రం. మా మావ నిర్దోషి.

గట్టుకి ఇటు పంచాయతీ, అటు కార్పొరేషన్. శ్రీకాకుళం 2015లో కార్పొరేషనైంది. మమ్మల్ని కలుపుతారన్న మాట నలుగుతూనే ఉంది, మా కవర్లు మాత్రం ఎప్పుడో కలిసిపోయాయి. కుప్ప మీదంటే మీదని రెండు ఆఫీసులకూ తగువు. మొన్న టేపు పట్టుకొచ్చి కొలిచారు. సరిహద్దు రాయి కనబడితే చిటికెలో తేలిపోతుందన్నారు.

రాయి కుప్ప కింద ఉంది.