అర్థం తెలిస్తే పిల్లలు వాళ్లే అడుగుతారు

స్కూలు, ట్యూషన్ల హడావుడిలో ముస్లిం పిల్లల దీనీ చదువు, అంటే మతపరమైన చదువు, వెనకబడుతోందని నేను చదివిన ఒక వ్యాసంలో రచయిత బాధపడ్డారు. నిజమే. కానీ టైమ్ లేకపోవడం ఒక్కటే కారణం కాదని నాకు అనిపిస్తుంది.

మాది గుంటూరు. మా పాప రోజూ మగ్రిబ్ (సూర్యాస్తమయం నమాజు) తర్వాత మదరసాకి వెళ్లి కాయిదా (అరబ్బీ అక్షరాలు నేర్పే పుస్తకం) పూర్తి చేసింది, ఖురాన్ కూడా చూసి చదివేస్తుంది. ఒక్క మాటకీ అర్థం మాత్రం తెలియదు. అందుకే ఖురాన్ మొదటి అధ్యాయమైన ఫాతిహా సూరాలోని ఏడు వాక్యాలను రోజుకొకటి చొప్పున తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. "మాకు సరైన దారి చూపు" అన్న చోట ఆగిపోయింది. "అమ్మీ, రోజూ మనం అడిగేది ఇదేనా?" అంది. ఐదు పూటల ఫర్జ్ (తప్పనిసరి) నమాజుల్లోనే 17 రకాత్‌లు (నమాజులోని ఆవృత్తులు), ప్రతి రకాత్‌లో ఫాతిహా. ఇద్దరం కూర్చుని లెక్కపెట్టుకున్నాం. ఇప్పుడు పాప నమాజులో తొందరపడటం లేదు.

ఖురాన్‌లో మొదట అవతరించిన మాటే "ఇఖ్రా", అంటే "నువ్వు చదువు" అనే ఆజ్ఞ. కలంతో నేర్పాడన్న మాటా ఆ వెంటనే వస్తుంది. సైన్స్ పుస్తకాన్ని దీన్‌కి పోటీగా చూడకండి, దయచేసి.

ఇంకొక్క మాట. తప్పు చదివితే బెత్తం ఎత్తే చోటికి పిల్లల్ని పంపకండి. మా బాబు ఒకచోట అలా భయపడి, నెలల తరబడి సిపారా (ఖురాన్ భాగం) ముట్టలేదు. ఓపికగా చెప్పే హజ్రత్ (మత గురువు) దగ్గరికి మార్చాక, అసర్ (సాయంత్రం నమాజు) అవ్వగానే టోపీ వెతుక్కుంటున్నాడు.