బెన్ నెవిస్ ఇకనైనా పద్ధతి మార్చుకోవాలి

స్కాట్లాండ్‌లోని బెన్ నెవిస్ మీద ఈ కాలమ్ తీవ్ర అసంతృప్తి వ్యక్తం చేస్తోంది. ఎత్తు 1,345 మీటర్లు, బ్రిటన్ మొత్తానికి పెద్ద కొండ. పెద్దరికం ఉన్నచోట మర్యాద కూడా ఉండాలి. పరాయి దేశం నుంచి విమానమెక్కి, ఒంటరిగా, సన్నని బ్యాగొకటి తగిలించుకుని వచ్చిన అతిథిగారితో ఆ కొండ ప్రవర్తిస్తున్న తీరు ఏమీ బాగాలేదు. ఆయన ప్లాన్ వేసుకుని వస్తున్నారు. కొండ ఆ ప్లాన్ చదవడం లేదు.

ప్లాన్‌లో లోపముందా అంటే, లేదు. విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు 1892లోనే లెక్క కట్టిపెట్టాడు. మెట్రిక్‌లో చెప్పాలంటే గంటకు 5 కిలోమీటర్లు, పైకెక్కే ప్రతి 600 మీటర్లకూ ఇంకో గంట. గ్లెన్ నెవిస్ విజిటర్ సెంటర్ నుంచి శిఖరానికి దారి దాదాపు ఎనిమిదిన్నర కిలోమీటర్లు, ఎక్కాల్సింది సుమారు 1,350 మీటర్లు. కూడితే 3 గంటల 57 నిమిషాలు. ఉదయం పదిన్నరకు బయల్దేరితే 2:27కు శిఖరం మీద ఫొటో. ఆ ఫొటోకు క్యాప్షన్ విమానంలోనే రాసేసుకున్నారు. ఆలూ లేదు చూలూ లేదు అన్న సామెత ఇంతటి ముందుచూపును చూసి ఓర్వలేకే పుట్టి ఉంటుంది.

నైస్మిత్ లెక్కలో ఆగడం లేదు, నీళ్లు తాగడం లేదు, లేసు కట్టుకోవడం లేదు. అలవాటున్న కాళ్లకు మాత్రమే అది నిజం; మామూలు కాళ్లు అయిదు గంటలు తీసుకుంటాయి. అతిథిగారి ప్లాన్‌లో దిగడం కూడా లేదు. ఎక్కినవాడు ఎలాగూ దిగుతాడు కదా అని దాన్ని విడిగా రాయలేదు. రాళ్లమెట్ల మీద మోకాళ్లు కాపాడుకుంటూ దిగడానికి ఇంకో మూడు గంటలు కావాలి. పైగా అక్టోబర్ చివరి ఆదివారం ఆ దేశంలో గడియారాలు గంట వెనక్కి జరుపుతారు. నిన్నటిదాకా అయిదున్నర దాటాక అస్తమించిన సూర్యుడు ఆ రోజు నుంచి నాలుగున్నరకే వెళ్లిపోతాడు. అలవాటైనవాళ్లు వెనుదిరిగే వేళ ముందే రాసుకుంటారు. ఒంటిగంట అనుకుంటే ఒంటిగంటకు ఎక్కడున్నా వెనక్కే. ఆ వేళా, వెళ్లే దారీ బసలో ఒకరికి చెప్పి వెళ్తారు. మన అతిథిగారు చెప్పింది వైఫై పాస్‌వర్డ్ అడగడానికి వెళ్లినప్పుడు గుడ్‌మార్నింగ్ ఒక్కటే.

దారి విషయంలోనూ కొండదే తప్పు. 2021 జూలైలో ప్రకృతి పరిరక్షణ సంస్థ జాన్ మ్యూర్ ట్రస్ట్, పర్వతారోహకుల సంఘం మౌంటెనీరింగ్ స్కాట్లాండ్ కలిసి ఒక హెచ్చరిక చేశాయి. ఫోన్‌లో బెన్ నెవిస్ అని కొడితే గూగుల్ మ్యాప్స్ జనాన్ని మామూలు దారి మొదలుకు కాక, శిఖరానికి సరళరేఖలో దగ్గరగా ఉన్న కార్ పార్కుకు తీసుకెళ్తోందనీ, అక్కడి నుంచి చూపిస్తున్న చుక్కల గీత ప్రాణాల మీదకు తేగలదనీ వాటి ఫిర్యాదు. కాలిబాట లేని నిట్ట రాళ్లవాలు మీదుగా పోయింది ఆ గీత. తర్వాత గీతను సరిచేశారు. గీత ఉన్నచోటికి కొండ సర్దుకోవచ్చు కదా అని మాత్రం ఎవరూ అడగలేదు.

అసలు దారిలో మోసం ఇంకో రకం. హాఫ్‌వే లోకన్ అని ఒక సరస్సు వస్తుంది. సగం దారి అయిందని అతిథిగారు బిస్కెట్లన్నీ తినేస్తారు. ఆ సరస్సు ఉన్నది 570 మీటర్ల ఎత్తులో. సగానికి ఇంకా వంద మీటర్లు తక్కువ.

ఇక వాతావరణం. కొండ కిందున్న ఫోర్ట్ విలియం ఊరికి ఫోన్ 12 డిగ్రీలు చూపిస్తుంది. ఊరేమో సముద్రం ఒడ్డున ఉంది. వంద మీటర్లకు 0.65 డిగ్రీల చొప్పున తీసేస్తే శిఖరం మీద మిగిలేది మూడు, గాలి వీస్తే ఒంటికి అదీ మిగలదు. కొండల కోసం విడిగా వాతావరణ సూచన ఇస్తారు. 900 మీటర్ల దగ్గర చలి ఎంత, శిఖరాలు మబ్బు లేకుండా ఉండే అవకాశం ఎంత శాతం, ఏ ఎత్తు నుంచి నీరు గడ్డకడుతుంది, అన్నీ ఉంటాయి. అది చూస్తే నిరుత్సాహం కలుగుతుందని అతిథిగారు ఊరి సూచనతోనే సరిపెట్టుకుని, కాటన్ జీన్స్ వేసుకున్నారు. తడిసిన కాటన్ నీటిని వదలదు, ఒంటి వేడిని వదిలేస్తుంది.

1883 నుంచి 1904 దాకా శిఖరం మీదే వాతావరణ పరిశీలనశాల ఉండేది. రాత్రనక పగలనక గంటగంటకూ రీడింగులు తీశారు. సగటు ఉష్ణోగ్రత సున్నాకు కాస్త దిగువన తేలింది. 1894 సెప్టెంబర్‌లో సి.టి.ఆర్. విల్సన్ అనే కుర్ర శాస్త్రవేత్త అక్కడ రెండు వారాలున్నాడు. మబ్బు మీద పడిన నీడ చుట్టూ రంగుల వలయాలు చూసి, ఆ మబ్బును ప్రయోగశాలలో తయారు చేయబోయి, కంటికి కనిపించని కణాల జాడలు చూపించే క్లౌడ్ చాంబర్ కనిపెట్టాడు. 1927లో నోబెల్ తెచ్చుకున్నాడు. అదే మబ్బులో అతిథిగారికి ఒక సెల్ఫీ కూడా సరిగ్గా రాదు. దీన్ని వివక్ష అనక ఏమనాలి?

మబ్బు కమ్మాకే అసలు కథ. శిఖరం కొమ్ములా ఉండదు. రాళ్లు పరిచిన మైదానంలా ఉంటుంది. ఉత్తరం వైపు అంచు ఉన్నట్టుండి తెగిపోతుంది. కింద ఆరేడు వందల మీటర్ల చరియ. అంచులోంచి గల్లీలు మైదానంలోకి కోసుకొచ్చాయి. గల్లీ అంటే సందు అనుకునేరు, ఇది నిలువునా కిందికి పోయే చీలిక. వాటిలో ఒకదాని పేరు గార్డీలూ. పాత ఎడిన్‌బరోలో మేడ మీంచి మురికినీళ్లు కుమ్మరించే ముందు వేసే కేక అది. పరిశీలనశాలవాళ్లు చెత్త పారబోసింది దాంట్లోకే. రెండోవైపు, దిగేవాళ్ల ఎడమచేతి పక్కన, ఫైవ్ ఫింగర్ గల్లీ. ముందు నుయ్యి వెనుక గొయ్యి అన్న మాటకు ఎవరైనా సర్వే మ్యాప్ గీస్తే ఇలాగే ఉంటుంది.

రెంటి మధ్య నుంచి బయటపడే సూత్రం పుస్తకాల్లోనూ మ్యాపుల్లోనూ ఉంది. శిఖరం మీది ట్రిగ్ స్తంభం (సర్వేవాళ్లు కట్టిన రాతి గుర్తు) నుంచి 231 డిగ్రీల గ్రిడ్ దిశలో, అంటే మ్యాప్ గళ్ల ఉత్తరం నుంచి కొలిచిన దిశలో, 150 మీటర్లు. అక్కడి నుంచి 282 డిగ్రీలకు తిరిగి, కిందికి దిగే వంపుల దారి తగిలేదాకా. తొందరపడి తిరిగితే గార్డీలూ. గార్డీలూ భయంతో మరీ ఎడమకు ఒరిగితే ఫైవ్ ఫింగర్. 150 మీటర్లు ఎలా కొలవాలంటే, కుడికాలు పడినప్పుడల్లా ఒకటి లెక్కపెట్టాలి. వంద మీటర్లకు మామూలుగా 60 నుంచి 70 వస్తాయి, అంటే ఇక్కడ వంద అటూ ఇటూ. రాళ్ల మీదా మంచు మీదా అడుగు కుదించుకుపోతుంది, లెక్క పెరుగుతుంది. తన అడుగెంతో కిందే చదునునేల మీద కొలిచి చూసుకోవాలి. మే నెలలో కూడా పైన మంచు ఉండొచ్చు. గాలికి పేరుకున్న ఆ మంచు గల్లీ అంచు దాటి, కింద ఆధారం లేకుండా చూరులా పొడుచుకొస్తుంది. మబ్బూ తెల్లనే, మంచూ తెల్లనే. కాలి కింద ఉన్నది నేలో చూరో చెప్పే బోర్డు కొండ పెట్టలేదు.

అతిథిగారు కంపాస్ తేలేదనడం అన్యాయం. తెచ్చారు. ఫోన్‌తో కలిపి ఒకే జేబులో పెట్టుకున్నారు. ఫోన్ స్పీకర్‌లో అయస్కాంతం, కవరు మూతలో ఇంకోటి. పక్కనుంటే ముల్లు అటు లాగుతుంది. చాలా రోజులు కలిసి ఉంటే ధ్రువాలే తారుమారై, ఉత్తరం చూపాల్సిన ఎర్రకొన దక్షిణం చూపిస్తుంది. అప్పుడు 231 అనుకుని నడిచేది 51 వైపు. అటు ఉన్నది చరియే. ఇక ఫోనంటారా, 30 శాతం చార్జింగ్ ఉన్నది కూడా చలికి చెప్పాపెట్టకుండా ఆరిపోతుంది, ఆరకపోతే తడివేలికి తెర పలకదు. ఒళ్లు చల్లబడితే మాట ముద్దవుతుంది, కాలు తడబడుతుంది, బుద్ధి మందగిస్తుంది. ఇవి పక్కవాడు గమనించి చెప్పాల్సిన లక్షణాలు. పక్కవాడు లేకపోవడమే ఈ యాత్ర ప్రత్యేకత.

అంతదాకా వస్తే సాయం కోసం 999 కానీ 112 కానీ కొట్టి, ముందు పోలీస్ అని అడిగి, ఆ తర్వాత మౌంటెన్ రెస్క్యూ అనాలి. వచ్చేది ఆ ప్రాంతపు రక్షణ బృందం లోకాబర్ దళం, జీతం లేని వాలంటీర్లు. బిల్లు వేయరు. సిగ్నల్ లేకపోతే విజిల్. నిమిషంలో ఆరుసార్లు ఊది, నిమిషం ఆగి, మళ్లీ ఆరు. టార్చి అయినా అదే లెక్క. జవాబు వచ్చిందని ఆపేయకూడదు, వాళ్లు చేరేదాకా ఊదుతూనే ఉండాలి.

జవాబులో కూడా అన్యాయమే. ఆరు ఊదితే తిరిగొచ్చేవి మూడే. చీకట్లో, తడిజీన్స్‌తో రాయికి ఆనుకుని కూర్చున్న అతిథిగారు ఆ మూడు విన్నప్పుడు మాత్రం మిగతా మూడు ఏవని అడిగినట్టు లేరు.