లెంట్ బైబిల్లో లేదంటారు, ఏడు మాటలు మాత్రం మైకులో చెబుతారు

ఈస్టర్ ముందు నలభై రోజుల ఉపవాస కాలమే లెంట్. అది మొదలయ్యేది నుదుట బూడిద పెట్టుకునే భస్మ బుధవారం నాడు. ఆ రోజు దగ్గరపడితే చాలు, ఏటా అదే గొడవ. "లెంట్ బైబిల్లో ఎక్కడుంది, వచనం చూపించండి!" చూపించలేం, లేదు. సండే స్కూలుకీ వచనం లేదు, డిసెంబరు 25కీ లేదు. తమాషా ఏంటంటే, ఇలా అడిగే సంఘాల్లోనే గుడ్ ఫ్రైడే నాడు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ఆరాధన తప్పకుండా జరుగుతుంది. అది మొదలైంది పెరూ దేశంలోని లీమాలో, 17వ శతాబ్దం చివర్లో. మొదలుపెట్టినాయన అలోన్సో మెస్సియా అనే జెసూట్ గురువు. జెసూట్లంటే రోమన్ కాథలిక్కుల్లో ఒక సన్యాస సంఘం. బూడిద పెట్టుకుంటే రోమా ఆచారం, జెసూట్ ఆరాధనైతే మన ఆచారం!

ఏడు మాటలు మానేయమని అనడం లేదు. మంచి ఆరాధన అది. కానీ ఏ ఆచారం ఎందుకొచ్చిందో తెలియకపోతే దాన్ని ఎలా చెయ్యాలో కూడా తెలియదు. మన దగ్గర జరుగుతున్నది అదే.

లెంట్ ఒక్కరోజులో ఎవరో కూర్చుని కల్పించింది కాదు. రెండో శతాబ్దంలో ఈస్టర్ ముందు కొందరు ఒక రోజు, కొందరు రెండు రోజులు, కొందరు నలభై గంటలు ఉపవాసం ఉండేవారని ఆ కాలపు బిషప్పు ఇరేనియస్ రాశాడు. 325లో బిషప్పులంతా కూడిన నైసియా సభ చేసిన అయిదో నియమంలో నలభై రోజుల ప్రస్తావన వస్తుంది. అప్పటికీ అందరూ పాటించలేదు. 339లో రోములో ఉన్న ఐగుప్తు బిషప్పు అతనేసియస్, లోకమంతా ఉపవాసముంటే మనం మానేసి నవ్వులపాలు కాకూడదని ఐగుప్తు సంఘానికి ఉత్తరం రాయాల్సి వచ్చింది. ఈస్టర్ రాత్రి బాప్తిస్మం తీసుకోబోయేవాళ్ళు ముందునుంచే ఉపవాసంతో సిద్ధపడేవారు. పాపంలో పడిపోయి పశ్చాత్తాపపడినవాళ్ళను మళ్ళీ చేర్చుకునేదీ ఆ రోజుల్లోనే. వాళ్ళతోపాటు సంఘమంతా ఉపవాసం ఉండేది. నాకు లెంట్ విలువ కనిపించేది ఇక్కడే. నీ ఉద్యోగం కోసమో వీసా కోసమో మొక్కుకునే నలభై రోజులు కావివి.

ఇక లెక్క సంగతి. 380ల్లో యెరూషలేముకు వెళ్ళిన ఎగీరియా అనే యాత్రికురాలు అక్కడ ఎనిమిది వారాల లెంట్ చూసింది, ఎందుకంటే వాళ్ళు శని, ఆదివారాలు ఉపవాసం ఉండరు. రోములో ఆరు వారాలు, వారానికి ఆరు రోజులు, మొత్తం 36. తక్కువైన నాలుగు రోజులు 7వ శతాబ్దంలో ముందు కలిపారు, అందుకే బుధవారంతో మొదలవుతుంది. బుధవారం నుంచి ఈస్టర్ ముందురోజైన పరిశుద్ధ శనివారం దాకా 46 రోజులు, ఆరు ఆదివారాలు తీసేస్తే 40. ఆదివారం పునరుత్థాన దినం, ఆ రోజు ఉపవాసం లేదు.

మన "40 రోజుల ఉపవాస కూటాలు" ఆదివారాలు కూడా కలిపి వరసగా లెక్కపెడతాయి. 2026లో ఫిబ్రవరి 18న మొదలుపెడితే నలభయ్యో రోజు మార్చి 29, అంటే ఈస్టర్‌కు వారం ముందొచ్చే మట్టలాదివారం. ఏ సంవత్సరం లెక్కేసినా ఇంతే. ముగింపు కూటం, విందు, శాలువాలు అన్నీ ఆ రోజే అయిపోతాయి. అసలు శ్రమల వారం వచ్చేసరికి జనం ఓపిక అయిపోయి ఉంటుంది. ఇంతకంటే తిరగబడిన లెక్క ఉంటుందా?

భస్మం పెట్టే సంఘాలకు ఒక మాట. కిందటేడు మట్టలాదివారం మట్టలే దాచి, బాగా ఎండాక కాల్చాలి. పచ్చిగా ఉంటే పొగే తప్ప బూడిద రాదు. ఇనప మూకుట్లో ఆరుబయట కాల్చి, చల్లారాక నలిపి, పల్చటి గుడ్డలో జల్లించాలి. నీళ్ళు మాత్రం కలపొద్దు. బూడిదలో నీళ్ళు పడితే క్షారం తయారవుతుంది, నుదురు మండి కమిలిపోతుంది. పొడిగా పెట్టండి, లేదంటే రెండు చుక్కల నూనె చాలు. ఆ రోజు చదివేది మత్తయి 6, ఉపవాసమప్పుడు ముఖం కడుక్కోమనే భాగం. అది విని బయటికొచ్చి సెల్ఫీ దిగేవాళ్ళకు చెప్పేదేం లేదు.

మళ్ళీ ఏడు మాటల దగ్గరికి. మూడు గంటలంటే 180 నిమిషాలు, మాటకు 25 వస్తాయి. అందులో పాట, పఠనం, ప్రార్థన, మూడు నిమిషాల మౌనం పోతే ప్రసంగానికి మిగిలేది పదిహేను. మన దగ్గర మొదటి ఆయన నలభై తీసుకుంటాడు. గెత్సేమనే నుంచి సమాధి దాకా మొత్తం చెప్పేస్తాడు, రెండో ఆయనా అంతే. ఏడో ఆయనకు అయిదు నిమిషాలు, అదీ గడియారం చూసుకుంటూ. ఈ ఏడు మాటలూ ఏ ఒక్క సువార్తలోనూ కలిసి లేవు. లూకాలో మూడు, యోహానులో మూడు, మత్తయి మార్కులిద్దరూ రాసింది ఒక్కటి. ఎవరి మాట వాళ్ళు ఆ సువార్త లోపలే ఉండి చెబితే ఒకరి ప్రసంగం ఇంకొకరిది కాదు. నాలుగో మాట వచ్చినాయన 22వ కీర్తన, ఏడో ఆయన 31వ కీర్తన తెరిస్తే చెప్పడానికి కావలసినంత ఉంది. మౌనమప్పుడు కీబోర్డు ఆపించండి, వెనక మెల్లగా వాయిస్తుంటే అది మౌనం కాదు.

మూడయ్యిందంటే ఆరాధన అయిపోయినట్టే, ఆ తర్వాత ప్రకటనలు పెట్టొద్దు. ఈస్టర్ చందాలు, తెల్లవారుజామున ఎవరు ఎక్కడ కలవాలి, టిఫిన్లు ఎవరివి, ఇవన్నీ అంతకుముందు ఆదివారమే ప్రకటించేయండి.