మడమ మీద ఒక్క రక్తపు చుక్క

‘మా వాడు బుద్ధిమంతుడు, పాలు తాగి పడుకుంటాడు, అసలు ఏడవడు’ అని నెల బిడ్డ తల్లి మురిసిపోతుంది. చూడొచ్చిన వాళ్లు అదృష్టవంతురాలివే అంటారు. చాలా ఇళ్లలో అది నిజంగా అదృష్టమే. కొన్ని ఇళ్లలో మాత్రం ఆ మగత, బొంగురు గొంతు, వారాలు గడిచినా తగ్గని కామెర్లు, మలబద్ధకం బిడ్డ ఒంట్లో థైరాయిడ్ హార్మోన్ చాలడం లేదనడానికి గుర్తులు.

ఆ గుర్తుల కోసం ఎదురుచూస్తే ఆలస్యమైపోతుంది. పుట్టిన కొద్ది రోజుల్లోనే మడమ నుంచి చుక్క రక్తం తీసి పరీక్షిస్తే ఈ లోపం ముందే తెలుస్తుంది. కడుపులో ఉన్నన్నాళ్లూ తల్లి హార్మోన్ మాయ ద్వారా కొంత అందుతుంది కాబట్టి ఈ పిల్లల్లో ఎక్కువమంది పుట్టినప్పుడు మామూలుగానే కనిపిస్తారు. బొడ్డు కోశాక ఆ ఆసరా పోతుంది. మెదడు వేగంగా ఎదిగే రోజులవి. రెండు వారాల్లోపు మందు మొదలైతే వాళ్లూ అందరు పిల్లల్లాగే చదువుకుంటారు. నెలల తర్వాత మొదలుపెడితే, అప్పటికి జరిగిన నష్టాన్ని ఏ మాత్రా పూర్తిగా పూడ్చలేదు. ఇంతా చేసి ఆ మందు చవకైన థైరాక్సిన్ మాత్ర. పొడి చేసి, చెంచాడు తల్లిపాలలో కలిపి పట్టించవచ్చు.

భారత వైద్య పరిశోధన మండలి హైదరాబాద్ సహా పలు నగరాల్లో లక్షకు పైగా శిశువులను పరీక్షిస్తే, సుమారు 1,130 మందిలో ఒకరికి ఈ లోపం బయటపడింది. కెనడాలోని క్యుబెక్‌లో ఈ పరీక్ష 1974లోనే మొదలైంది. మన దేశంలో గోవా 2008లో చేపట్టింది, కేరళ ప్రభుత్వ ఆస్పత్రుల్లో చేస్తోంది. తెలుగు రాష్ట్రాల్లో మాత్రం బిడ్డ ఏ ఆస్పత్రిలో పుట్టింది, తల్లిదండ్రుల చేతిలో డబ్బుందా అన్నదాన్ని బట్టే చాలాచోట్ల ఇది జరుగుతోంది. ఇది మాకు బాధ కలిగిస్తోంది. బీసీజీ టీకా, పోలియో చుక్కలు పడ్డాకే బిడ్డను ఇంటికి పంపాలన్న పట్టుదల ఈ పరీక్ష విషయంలో ఎందుకు లేదు?

పుట్టిన 48 గంటలు దాటాక, మడమ మీద సూదితో గుచ్చి, ప్రత్యేక కాగితం మీద రక్తం అద్ది ల్యాబ్‌కు పంపాలి. అంతకన్నా ముందు తీస్తే పుట్టుక సమయంలో సహజంగా పెరిగే టీఎస్‌హెచ్ (థైరాయిడ్ గ్రంథిని పనిచేయించే హార్మోన్) లెక్క తప్పిస్తుంది. తొందరగా ఇంటికి వెళ్లిపోయేవారికి బొడ్డుతాడు రక్తంతోనైనా చేయవచ్చు. కాబట్టి తల్లీబిడ్డలు 102 బండి ఎక్కేలోపు ఈ పని పూర్తి కావాలని మేము కోరుతున్నాం.

అసలు చిక్కు ఆ తర్వాతే. రిపోర్టులో తేడా వస్తే పుట్టింట్లో ఉన్న బాలింతను ఎవరో ఒకరు వెతికి పట్టుకోవాలి, సిర నుంచి రక్తం తీయించి నిర్ధారించాలి, మందు చేతికివ్వాలి. బిడ్డ హుషారయ్యాడని మాత్ర మానేసే ఇళ్లుంటాయి. మూడేళ్లు నిండేవరకు ఆపకూడదని, ఐరన్, కాల్షియం చుక్కలతో కలిపి వేయకూడదని ఆశా కార్యకర్త ఇంటికి వెళ్లి చెప్పాలి. రిపోర్టు వచ్చిన రోజే ఆ తల్లికి ఫోన్ చేయాల్సిన బాధ్యత ఎవరిదో ప్రతి జిల్లాలో పేరుతో సహా రాసి ఉండాలి.