రోడ్డు ఆగే చోటు ఎవరి బాధ్యత?

మహారాష్ట్రలోని సాకోలీలో మొదలయ్యే 353సీ జాతీయ రహదారి గడ్చిరోలి, సిరోంచ మీదుగా వచ్చి, కాళేశ్వరం దగ్గర గోదావరి దాటి, భూపాలపల్లి, పరకాల మీదుగా హనుమకొండ జిల్లా గూడెప్పాడ్ దగ్గర ముగుస్తుంది. ఎదురుగా ములుగు–వరంగల్ మధ్య నడిచే 163వ నంబరు రహదారి. భూపాలపల్లి బొగ్గు లారీ అయినా, ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తెచ్చే బండి అయినా వరంగల్ వైపు రావాలంటే ఇక్కడ కుడికి తిరగాల్సిందే. మేడారం జాతర నుంచి తిరిగొచ్చే ప్రైవేటు వాహనాలను కూడా ఈ దారినే మళ్లిస్తుంటారు. అప్పుడంటే పోలీసులుంటారు. మిగతా రోజుల్లో?

ఇంజనీర్ల లెక్కలో మూడు రోడ్ల కూడలి చౌరస్తా కంటే నయం. నాలుగు రోడ్లు కలిసే చోట వాహనాల దారులు 32 చోట్ల ఒకదానికొకటి అడ్డొస్తాయి, మూడు రోడ్ల దగ్గర 9 చోట్లే. ఆ తొమ్మిదిలో ఆరు చోట్ల బండ్లు దారి చీలిపోవడమో, ఒకే దారిలో కలవడమో మాత్రమే. మిగిలిన మూడే అసలు ప్రమాదం, అక్కడ ఒక బండి ఇంకో బండి దారిని కోసుకుంటూ పోవాలి. ఆ మూడింటికీ కారణం కుడివైపు మలుపే. కాబట్టి ముగిసే రోడ్డు దగ్గర కుడికి తిరిగేవాళ్ల గురించి ఆలోచిస్తే చాలావరకు పని అయిపోయినట్టే. మన దగ్గర సరిగ్గా అదే జరగడం లేదు.

నాలుగు వరుసల రహదారి మీద కారుకు గంటకు 100 కిలోమీటర్ల వేగం దాకా అనుమతి ఉంది. వడ్ల లోడుతో ఉన్న ట్రాక్టర్ రోడ్డు దాటడానికి ఆరు సెకన్లు పడుతుందనుకుందాం. అంతలో ఆ కారు 160 మీటర్లకు పైగా దూసుకొస్తుంది. అంటే ట్రాక్టర్ డ్రైవర్‌కు కనీసం అంత దూరం ఏ అడ్డూ లేకుండా కనిపించాలి. కానీ మూల మీద టీ కొట్టు, దాని పక్కన ఫ్లెక్సీ, ఆగి ఉన్న ఆటోలు. పైగా పొర మీద పొర వేసి మెయిన్ రోడ్డు ఎత్తు పెరిగితే ఊరి రోడ్డు ఎక్కుడుగా మారుతుంది. ఆ ఎక్కుడు మీద లోడు ట్రాక్టర్‌ను ఆపితే ట్రాలీ వెనక్కి లాగుతుందని డ్రైవర్ ఆపకుండానే ఎక్కించేస్తాడు. మెయిన్ రోడ్డు మీది బండికే ముందు దారి ఇవ్వాలన్న రూల్ అతనికి తెలియక కాదు. ఆగడానికి అక్కడ సమతలం లేదు.

డివైడర్‌లో సందు మూసేస్తే ప్రమాదాలు తగ్గుతాయని అధికారులు అంటారు. సర్వీసు రోడ్డు వేయకుండా మూస్తే జనం రాంగ్ రూట్‌లో వస్తారు. పాల క్యాన్లతో వెళ్లే మనిషి యూటర్న్ కోసం కిలోమీటర్లు తిరిగి రాడు. అతన్ని తప్పుపట్టే ముందు ఆ డిజైన్‌ను తప్పుపట్టాలి.

నా దృష్టిలో అసలు చిక్కు పరిపాలనలో ఉంది. హైవే కేంద్రానిది, దానికి వచ్చి తగిలేది ఆర్ అండ్ బీదో పంచాయతీరాజ్‌దో. కలిసే చోట చివరి వంద మీటర్లు ఎవరి బడ్జెట్‌లోనూ సరిగా పడవు. హైవే కాంట్రాక్టర్ తన అంచు దాకా తారు వేసి వెళ్లిపోతాడు.

కరీంనగర్–వరంగల్ మధ్య 563వ రహదారిని 68 కిలోమీటర్ల మేర నాలుగు వరుసలు చేసే పనికి 2023 జులైలో ప్రధాని వరంగల్‌లో శంకుస్థాపన చేశారు. మెదక్ నుంచి సిద్దిపేట, హుస్నాబాద్ మీదుగా వచ్చే 765డీజీ ఈ రహదారిలోనే ఎల్కతుర్తి దగ్గర కలిసి ముగుస్తుంది. అక్కడా వరంగల్ రావాలంటే కుడికే తిరగాలి. ఆ మలుపుకు ప్రత్యేక వరుస, మూలల్లో కట్టడాలు లేని ఖాళీ జాగా, రాత్రి లైట్లు ఉండాలి. ఈ మార్గంలో కలిసే ప్రతి ఊరి రోడ్డుకూ చివరి వంద మీటర్లు సమతలంగా కట్టే బాధ్యతను హైవే కాంట్రాక్టులోనే రాయాలి. పూర్తయిందని సర్టిఫికెట్ ఇచ్చే ముందు ఆ ఊళ్ల ట్రాక్టర్ డ్రైవర్లను పిలిచి, లోడుతో ఒకసారి ఎక్కించి చూడమనాలి.